బయోసైటిన్ నింపినా డెండ్రైట్ మీద పైపెట్ పెట్టిన చోటు దొరకడం లేదు, ఎవరైనా చెప్పండి

పర్లాకిమిడి పిల్ల

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి, బరంపురం వైపు ఒక ల్యాబులో పీహెచ్‌డీ రెండో ఏడు చేస్తున్నాను. ఎలుక మెదడులో హిప్పోకాంపస్ స్లైసులు, 300 మైక్రాన్ల మందం, వాటిలో సీఏ1 అనే భాగంలోని పిరమిడల్ నాడీకణాల మీద ప్యాచ్ క్లాంప్ నా పని, అంటే సన్న గాజు పైపెట్‌ని కణం పొరకి అతికించి కరెంటు కొలవడం. ఇన్నాళ్లూ సోమా (కణం ఒళ్లు) మీదే పట్టేదాన్ని, ఈ మధ్య గైడ్ గారు డెండ్రైట్ (కణం నుంచి సాగే కొమ్మ) మీద పట్టమన్నారు. పదిహేను రోజులు తిప్పలు పడ్డాక మొన్న ఒకటి కుదిరింది, సీలు (పైపెట్ పొరకి అతుక్కోవడం) గట్టిగా వచ్చింది, ఇరవై అయిదు నిమిషాలు నిలబడింది. సంతోషంతో ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

పైపెట్‌లో, తర్వాత కణాన్ని గుర్తుపట్టడానికి నింపే బయోసైటిన్ 0.3 శాతం ఉంది. తర్వాత స్లైసుని 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో రాత్రంతా ఉంచి, ట్రైటాన్, ఆ తర్వాత బయోసైటిన్‌కి అతుక్కుని వెలిగే స్ట్రెప్టావిడిన్ 488, అన్నీ ప్రోటోకాల్ ప్రకారమే చేశాను. తీరా చూస్తే స్లైసులో రెండు కణాలు వెలుగుతున్నాయి. ఆ స్లైసులో నాకు రికార్డింగు వచ్చింది ఒక్కదాని నుంచే. పోనీ రెండిట్లో ఏదో ఒకటి అనుకుందామంటే, రికార్డింగు రోజు తీసిన ఫోటోలో డెండ్రైట్ కొంత దూరం నిటారుగా వెళ్లి కుడికి వంగింది, ఇక్కడ ఒకటి ఎడమకి వంగింది, రెండోది అసలు వంగనే లేదు. ఆ వంగినదాన్ని 63 రెట్లు పెద్దది చేసే ఆయిల్ లెన్స్‌తో చూద్దామంటే ఫోకసు అందడం లేదు, మసక తప్ప ఏమీ లేదు. 10 లెన్స్‌లో మాత్రం కనిపిస్తోంది.

అసలు డౌటు ఇది. పైపెట్ తగిలిన చోట చుక్కో, గాయమో, కాస్త ఎక్కువ వెలుగో ఉంటుందని డెండ్రైటంతా వెతికాను. ఏమీ లేదు. గైడ్ గారేమో "సోమా నుంచి ఎన్ని మైక్రాన్ల దూరంలో పట్టావమ్మా" అని అడుగుతున్నారు. సోమవారం మీటింగు, టెన్షన్‌గా ఉంది.

నాగావళి ఒడ్డు (రాయగడ)

చెల్లీ, ముందు ఆ చుక్క కోసం వెతకడం మానెయ్. అది ఉండదు. నేనూ మొదటి ఏడాది అలాగే వెతికి కళ్లు పోగొట్టుకున్నాను.

బయోసైటిన్ పైపెట్ లోంచి కణంలోకి దిగి లోపలంతా పాకిపోతుంది, సోమా, డెండ్రైట్లు, ఆక్సాన్ (సంకేతాన్ని బయటికి మోసే పొడుగు తీగ), డెండ్రైట్ మీది చిన్న ముళ్లతో సహా. బిందెలో నీలిమందు వేస్తే నీళ్లన్నీ నీలమవుతాయి గానీ, పొట్లం ఏ పక్క నుంచి విప్పావో నీళ్లు చూసి చెప్పలేవు కదా. పైపెట్ తీసేశాక పొర మూసుకుపోతుంది. మూసుకోకపోతే ఇంకా నష్టం, రంగంతా కారిపోయి కణమే కనబడదు. అంటే గాయం కనిపించకపోవడమే నువ్వు పైపెట్ మెల్లిగా, బాగా తీశావనడానికి గుర్తు.

కాబట్టి ఇక్కడ రెండు వేరు వేరు ప్రశ్నలున్నాయి. ఏ కణం అన్నది బయోసైటిన్ చెబుతుంది. ఆ కణం మీద ఎక్కడ అన్నది రికార్డింగు నడుస్తుండగా తీసిన ఫోటో ఒక్కటే చెబుతుంది. ఆ ఫోటో లేకపోతే ఎంత గొప్ప కాన్ఫోకల్ మైక్రోస్కోపు తెచ్చినా లాభం లేదు.

అందుకే అడుగుతున్నాను. పైపెట్ ఇంకా లోపల ఉండగా 40 లెన్స్‌తో సోమా, పైపెట్ మొన రెండూ వచ్చేలా ఫోటో ఉందా? 4 లెన్స్‌తో స్లైసు మొత్తం ఫోటో ఉందా? పైపెట్‌ని కదిపే మానిపులేటర్ రీడింగులు రాసుకున్నావా? స్లైసు ఏ పక్క పైకి ఉందో గుర్తు పెట్టావా?

రెండో కణం సంగతి. మొదట ఏదైనా కణం మీద సీలు వచ్చి, లోపలికి వెళ్లాక చెడిపోయి వదిలేశావా? మూడు నాలుగు నిమిషాలు లోపల ఉన్నా చాలు, అది కూడా నిండిపోతుంది. ఇంకో దారి గ్యాప్ జంక్షన్లు, అంటే పక్కపక్క కణాల్ని కలిపే సన్న దారులు, బయోసైటిన్ చిన్న అణువు కాబట్టి పక్క కణంలోకి జారగలదు. కానీ పెద్ద ఎలుకల సీఏ1లో అయితే నేను మొదటిదాన్నే అనుమానిస్తాను.

గోపాలపురం గాలి

ఇంత కష్టమెందుకు, రికార్డింగు అయ్యాక ఎలక్ట్రోడ్ లోంచి 10 మైక్రోఆంపులు ఒక పది సెకన్లు పంపిస్తే చిన్న లీజన్ (కాలిన గాయం) పడుతుంది, క్రెసిల్ వయొలెట్ రంగు వేస్తే గుంట లాగా కనిపిస్తుంది. మేం బతికున్న ఎలుకలో టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్‌తో అలాగే చేస్తాం. లేదంటే దించే ముందే ఎలక్ట్రోడ్‌కి డై-ఐ అనే రంగు పూస్తాం, దారంతా ఎర్రగా మిగిలిపోతుంది.

నాగావళి ఒడ్డు (రాయగడ)

అన్నా, అది కణం బయట రికార్డింగుకి. మీకు కావలసింది ఎలక్ట్రోడ్ మెదడులో ఏ పొరలో ఉందన్నది, దానికి లీజన్ చాలు. ఈ అమ్మాయి రెండు మూడు మైక్రాన్ల లావున్న డెండ్రైట్ మీద ఏ చోట అని అడుగుతోంది. అక్కడ లీజన్ పెడితే చోటుతో పాటు కణమే పోతుంది. దోమని కొట్టడానికి రోకలి తీసినట్టు ఉంటుంది. డై-ఐ మాత్రం మీ పనికి మంచిదే, కాదనను, పెద్ద సిలికాన్ ప్రోబులు దించేవాళ్లు కూడా అదే పూస్తున్నారు.

జయపురం స్లైడ్లు

నేను సైంటిస్టుని కాదు, పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌ని, పద్దెనిమిదేళ్లుగా కోసి రంగులు వేసే పని. ప్యాచ్ క్లాంప్ అంటే ఏమిటో ఈ థ్రెడ్ చదివి తెలుసుకున్నాను, తప్పయితే క్షమించాలి. కానీ అమ్మా, నువ్వు రాసింది చదవగానే నాకు ఒకటే తట్టింది. నీ స్లైసు తిరగబడింది.

ఎలాగంటే. ఫోటోలో కుడికి, స్లైడులో ఎడమకి. అద్దంలో చూసినట్టు. స్టెయినింగు అంటే ఆరేడు సార్లు బుడ్డీలు మార్చడం, షేకరు మీద గంటల తరబడి తిప్పడం, మధ్యలో ఎన్ని పల్టీలు కొడుతుందో దేవుడికి ఎరుక. చివరికి కుంచెతో ఎత్తి స్లైడు మీద పరుస్తావు, ఏ ముఖం పైకి వచ్చిందో నీకు తెలీదు. మా ల్యాబులో ఒడియా కుర్రాడు ఒకడున్నాడు, స్లైడు ఎత్తగానే "ఓలటా" అని అరుస్తాడు, అంటే తిరగేసిందని. వాడి కన్ను నా కన్నా నయం.

రెండో సాక్ష్యం నీ 63 లెన్స్. ఆ లెన్స్ మీద వర్కింగ్ డిస్టెన్సు చెక్కి ఉంటుంది చూడు. ఆయిల్ లెన్సులకి అది మహా అయితే 0.14 నుంచి 0.19 మిల్లీమీటర్లు, అంటే కవర్‌స్లిప్ కింద ఓ 150 మైక్రాన్ల దాకానే అందుతుంది. మీరు పట్టే కణాలు స్లైసు పైముఖానికి దగ్గర్లో ఉంటాయి కదా? అది తిరగబడితే కవర్‌స్లిప్ నుంచి 200 మైక్రాన్ల పైనే లోతులోకి పోయింది. లెన్స్ అక్కడికి చేరదు. 10 లెన్స్‌కి బోలెడు దూరం ఉంటుంది కాబట్టి కనిపిస్తోంది. మసక అని లెన్స్‌ని కిందికి తిప్పుకుంటూ పోకు, కవర్‌స్లిప్ పగులుతుంది, లెన్స్ మీద గీత పడుతుంది, దాని ఖరీదు మనవల్ల అయ్యేది కాదు.

ఇంకో మాట. స్లైసు మీద కవర్‌స్లిప్ నేరుగా పెట్టావా, అంచుల్లో స్పేసర్ (గాజుని పైకి ఆపే మెట్టు) ఏమైనా వేశావా? స్పేసర్ లేకపోతే గాజు బరువుకి అణిగిపోతుంది. గాలికి ఆరనిస్తే మరీ ఘోరం, బరంపురం అప్పడం ఎండలో పెట్టినట్టు వంకర తిరుగుతుంది. ఆల్కహాల్‌తో నీళ్లు పూర్తిగా లాగేసినా ముడుచుకుంటుంది, అడ్డంగా కాస్త, మందంలో చాలా ఎక్కువ. 300 అని కోసింది సగం కన్నా తక్కువకి దిగడం నేను చూశాను. అప్పుడు నువ్వు ఆ స్లైడు మీద కొలిచే మైక్రాన్లు అసలు మైక్రాన్లు కావు.

పర్లాకిమిడి పిల్ల

అన్నయ్యా, ఒళ్లు జలదరించింది చదివి. నిజమే, గుర్తు పెట్టలేదు. స్పేసర్ లేదు. నీళ్ల మౌంటింగ్ మీడియమే వాడాను, ఆరబెట్టలేదు, అంతవరకు నయం.

40 లెన్స్ ఫోటో ఉంది, ఐఆర్ డీఐసీలో, అంటే పరారుణ కాంతితో, తీసింది, పైపెట్ కూడా ఉంది. 4 లెన్స్‌ది కూడా ఉంది, రక్తనాళాలు బాగానే తెలుస్తున్నాయి. మానిపులేటర్ రీడింగు నోటుబుక్కులో ఉంది కానీ దాన్ని ఏం చేసుకోవాలో తెలీక ఊరికే రాశాను. రెండో కణం విషయం నాగావళి అన్న చెప్పిందే, అంతకు ముందు ఒక సోమా మీద నాలుగైదు నిమిషాలు ఉండి చెడిపోయింది, దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

నాగావళి ఒడ్డు (రాయగడ)

జయపురం గారూ, మీకు దండం. నేను రెండు రోజులు ఆలోచించినా లెన్స్ దూరంతో ఆ సంగతి తేల్చేవాడిని కాదు.

చెల్లీ, ఇక పని సులువే. ముందు 4 లెన్స్ ఫోటోని కంప్యూటర్లో అద్దంలా తిప్పి, స్లైడు ఫోటో పక్కన పెట్టి రక్తనాళాలు కలుస్తాయో లేదో చూడు. కలిస్తే కవర్‌స్లిప్ నీళ్లలో నానబెట్టి మెల్లిగా ఊడదీసి, స్లైసు తిప్పి, ఈసారి స్పేసర్ వేసి పరుచు. అప్పుడు 63 అందుతుంది.

దూరం కొలవడం మాత్రం స్టెయిన్ చేసిన దాంట్లో మొదలుపెట్టకు. లైవ్ ఫోటోలో మొదలుపెట్టు, ఎందుకంటే అప్పటికి స్లైసు ముడుచుకోలేదు, అణగలేదు. ఫోటోలో సోమా నుంచి పైపెట్ మొన దాకా అడ్డంగా ఎంత ఉందో కొలువు. కానీ రెండూ ఒకే లోతులో ఉండవు. సోమాకి ఫోకసు పెట్టినప్పటి రీడింగు, మొనకి పెట్టినప్పటి రీడింగు ఉంటే తేడా తెలుస్తుంది. ఉదాహరణకి అడ్డంగా 130, లోతు తేడా 40 అనుకో, అసలు దూరం దాదాపు 136. పైథాగరస్ తాత ఇక్కడికీ వస్తాడు.

మానిపులేటర్ రీడింగుతో చిన్న చిక్కు ఉంది. పైపెట్ నిలువుగా కాదు, ఏటవాలుగా దిగుతుంది. స్లైసు పైముఖం తాకినప్పుడు ఒక అంకె, కణం మీద ఆగినప్పుడు ఒక అంకె రాసి ఉంటావు. నీ మానిపులేటర్ ఏటవాలు అక్షం మీదే నడిచి, కోణం 30 డిగ్రీలు అయితే ఆ తేడాలో సగమే నిజమైన లోతు. నిలువు అక్షం మీద దించితే ఉన్నది ఉన్నట్టే. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు.

స్టెయిన్ స్లైడులో లోతు కొలిచేటప్పుడు ఇంకోటి. గాలి లెన్స్‌తో గ్లిజరిన్ లాంటి మీడియంలోకి చూస్తే లోతు తక్కువగా కనిపిస్తుంది, నిండు నూతిలో అడుగు పైకి తేలినట్టు. స్టేజి 100 మైక్రాన్లు కదిలితే లోపల నిజంగా దగ్గర దగ్గర 147 దాటావన్నమాట. ఆయిల్ లెన్స్‌లో ఈ తేడా చాలా తగ్గుతుంది.

అసలు చిట్కా ఇప్పుడు. మైక్రాన్లని మోసుకుపోకు, కొమ్మల్ని మోసుకుపో. లైవ్ ఫోటోలో పైపెట్ మొన ఏ పక్క కొమ్మ దాటాక ఉంది, ఆ కొమ్మకీ తర్వాతి కొమ్మకీ మధ్య ఎన్నో వంతులో ఉంది, అది చూడు. స్టెయిన్‌లో అవే కొమ్మలు వెతుకు. స్లైసు ముడుచుకున్నా కొమ్మల వరస మారదు కదా. ఊళ్లో అడ్రసు చెప్పినట్టే, ఇన్ని అడుగులు అని కాదు, రావిచెట్టు దాటి రెండో సందు అని. ఐఆర్ డీఐసీలో సన్న కొమ్మలు కనబడకపోతే బాధపడకు, వంపు ఉంది కదా నీకు, అది మంచి ఆనవాలు.

వచ్చేసారి నుంచి పైపెట్‌లో బయోసైటిన్‌తో పాటు కాస్త అలెక్సా 594 అనే వెలిగే రంగు కలుపు. రికార్డింగు నడుస్తుండగానే ఒక్క క్షణం లైటు వేసి ఫోటో తీసుకో, కణం కొమ్మలతో సహా, పైపెట్‌తో సహా ఒకే చిత్రంలో వస్తుంది. ఎక్కువసేపు లైటు వేస్తే కణం దెబ్బతింటుంది. స్లైసుకి ఒక మూల బ్లేడుతో చిన్న గాటు పెట్టు, సరిగ్గా సగంలో కాదు, ఒక పక్కకి, తిరగబడితే వెంటనే తెలిసిపోతుంది. ఒక స్లైసుకి ఒకటే కణం. చెడిపోయినా సరే, స్లైసు మార్చు.

రిటైర్డు మాస్టారు (బరంపురం)

పిల్లలూ, బాగుంది మీ చర్చ. నేను జువాలజీ చెప్పి రిటైరయ్యాను, మా రోజుల్లో ఈ పరికరాలు ఫోటోల్లోనే చూశాం. రెండు ముక్కలు చెప్పి పోతాను, ఎవరూ విసుక్కోకండి.

కణం ఆకారం చూడటం 1873లో గోల్జీ వెండి స్టెయిన్‌తో మొదలైంది. కానీ అది ఏ కణం మీద పడుతుందో ఎవరి చేతుల్లోనూ లేదు, వందలో ఒకటో రెండో నల్లబడతాయి. కరెంటు కొలిచిన కణమూ, ఆకారం చూసిన కణమూ ఒకటే అని చెప్పడానికి దారి దొరికింది 1968లో, ప్రోసియన్ యెల్లో అనే బట్టలద్దకం రంగుని ఎలక్ట్రోడ్ లోంచి కణంలోకి పంపినప్పుడు. 1978లో లూసిఫర్ యెల్లో వచ్చింది, అది ఇంకా బాగా వెలిగేది. బయోసైటిన్ 1988లో. పొడుగ్గా పాకే ఆక్సాన్లు దానితోనే బాగా తెలిశాయి.

ఇక మీ గైడ్ గారు దూరం ఎందుకు అడుగుతున్నారో చెబుతాను, ఊరికే సతాయించడానికి కాదమ్మా. 1994లో స్టువర్ట్, సక్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఒకే కణం మీద రెండు పైపెట్లు పెట్టారు, ఒకటి సోమా మీద, ఒకటి డెండ్రైట్ మీద. యాక్షన్ పొటెన్షియల్ (నాడీకణం పంపే కరెంటు సంకేతం) ఆక్సాన్‌లో పుట్టి, అక్కడి నుంచి వెనక్కి డెండ్రైట్ల లోకి పాకుతుందని అలా చూపించారు. ఆ మాటకి బలమంతా రెండు పైపెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఖచ్చితంగా తెలియడంలోనే ఉంది. ఏది ముందు వచ్చింది, ఎంత ఆలస్యంగా వచ్చింది అని మిల్లీసెకను లోపల లెక్క వేస్తూ, దూరం మాత్రం "సుమారుగా" అంటే ఎవరు ఒప్పుకుంటారు? అంతకు కొంచెం ముందే పరారుణ కాంతితో స్లైసులో డెండ్రైట్లని నేరుగా చూడటం కుదిరింది కాబట్టే అదంతా సాధ్యమైంది.

గోపాలపురం గాలి

మాస్టారూ, మీరు మా బ్యాచ్‌కి చెప్పి ఉంటే నేను టంగ్‌స్టన్ దగ్గర ఆగిపోయేవాణ్ణి కాదు.

ఒక్క డౌటు. ఇదంతా చేసినా మామూలు మైక్రోస్కోపుతో ఎంత ఖచ్చితంగా చెప్పొచ్చు? ముల్లు మీద పట్టాను అంటే నమ్మాలా?

నాగావళి ఒడ్డు (రాయగడ)

మంచి 63 ఆయిల్ లెన్స్, న్యూమరికల్ అపెర్చర్ (లెన్స్ కాంతిని పట్టే శక్తి) 1.4, ఆకుపచ్చ కాంతి 550 నానోమీటర్లు అనుకుంటే అడ్డంగా 0.2 మైక్రాన్ల దాకా విడివిడిగా తెలుస్తుంది, నిలువుగా అంతకన్నా అధ్వానం. రికార్డింగు రిగ్ మీదుండే 40 నీటి లెన్స్, 0.8 అయితే 0.34. పైపెట్ మొన రంధ్రమే ఒకటి రెండు మైక్రాన్లు ఉంటుంది కాబట్టి డెండ్రైట్ మీద చోటు చెప్పడానికి ఇది సరిపోతుంది. ముల్లు మెడ సన్నదనం మాత్రం కాంతికి అందదు, దానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. అలా వెళ్లాలనుకుంటే స్ట్రెప్టావిడిన్ 488 కాదు, డీఏబీ అనే రసాయనంతో నల్లగా చెయ్యాలి, ఫిక్సేటివ్‌లో కొంచెం గ్లూటరాల్డిహైడ్ కూడా ఉండాలి.

చెల్లీ, ఇంకొక పరీక్ష నీ డేటాలోనే ఉంది. సోమా మీద పట్టినప్పుడు స్పైకు (మాస్టారు చెప్పిన యాక్షన్ పొటెన్షియలే) పొడుగ్గా, సన్నగా ఉంటుంది. డెండ్రైట్ మీద దూరం పోయే కొద్దీ పొట్టిగా, వెడల్పుగా అవుతుంది, పొట్టి కావడానికి ఒక కారణం సీఏ1లో దూరంతో పాటు స్పైకుని అణచే ఏ-టైప్ పొటాషియం చానళ్లు పెరగడం. నీ ట్రేసు చూసుకో. సోమా స్పైకు లాగే ఉంటే మాత్రం ఫోటో మళ్లీ చూసుకోవాలి, పైపెట్ సోమాకి బాగా దగ్గర్లో కూర్చుని ఉండొచ్చు.

జయపురం స్లైడ్లు

డీఏబీ అన్నారు కాబట్టి చెబుతున్నాను. చేతికి గ్లవుజులు లేకుండా ముట్టుకోకండి, క్యాన్సర్ భయం ఉన్న సరుకు. సింకులో పారబోయకండి, వేరే సీసాలో పట్టండి. ముందు హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కాసేపు ఉంచకపోతే స్లైసులో మిగిలిన ఎర్ర రక్తకణాలన్నీ గోధుమ రంగులో లేచి కూర్చుంటాయి, అవి చూసి కణాలు అనుకుని మురిసిపోయినవాళ్లని చూశాను.

పర్లాకిమిడి పిల్ల

ఆదివారం రాత్రి అప్‌డేట్. తిరగబడిందే!! 4 లెన్స్ ఫోటో అద్దంలా తిప్పగానే రక్తనాళాలు అచ్చంగా కూర్చున్నాయి. ల్యాబులో మధ్యలో కరెంటు పోయి గంటన్నర కూర్చోవాల్సి వచ్చింది, అయినా కవర్‌స్లిప్ ఊడదీసి, తిప్పి, నెయిల్ పాలిష్‌తో నాలుగు మూలలా మెట్టు కట్టి మళ్లీ పరిచాను. 63తో ముళ్లు కూడా కనిపిస్తున్నాయి. వంపు కుడికే ఉంది. రెండోది ఆ చెడిపోయిన సోమానే, నోటుబుక్కులో దాని రీడింగు కూడా ఉంది, లోతు కలిసింది.

లైవ్ ఫోటోలో పైపెట్ మొన వంపుకి కొంచెం ఇవతల, ఒక పక్క కొమ్మ పుట్టిన చోట ఉంది. ఆ కొమ్మ స్టెయిన్‌లో దొరికింది. లైవ్ ఫోటోలో అడ్డంగా 118, లోతు తేడా 25, మొత్తం 121 వచ్చింది. స్టెయిన్‌లో డెండ్రైట్ వెంబడే కొలిస్తే 109. తక్కువ వచ్చింది, ముడుచుకోవడం వల్లే కదా? మీటింగులో 121 చెప్పి, 109 కూడా పక్కన చూపిస్తాను. స్పైకు కూడా సోమా దానికన్నా పొట్టిగానే ఉంది.

నాగావళి ఒడ్డు (రాయగడ)

అవును, రెండూ చూపించు, ఏది ఎలా కొలిచావో చెప్పు. అడిగితే మానిపులేటర్ కోణం కూడా చెప్పేలా ఉండు.

జయపురం స్లైడ్లు

నెయిల్ పాలిష్ ఐడియా బాగుందమ్మా. మా ఇంట్లో అడిగి ఒక సీసా తెచ్చుకుంటాను.